భాషాశాస్త్రమును ప్రధాన విషయముగా చదువుట

ఉన్నత పాఠశాల చదువు ముగించిన పిమ్మట కళాశాలలో ఏ విషయమును ప్రధానముగా గైకొనవలెనను ప్రశ్న ప్రతి విద్యార్థికిని ఎదురగును. గణితము, భౌతికశాస్త్రము, చరిత్ర, అర్థశాస్త్రము మొదలగు పేళ్లు అందఱకును పరిచితములే. భాషాశాస్త్రమను పేరు విన్నవారు కొందఱే. విన్నవారిలోను పలువురు అది పెక్కు భాషలు నేర్చుకొను విద్యయనియో, వ్యాకరణ సూత్రములు వల్లించు విద్యయనియో తలంచుచుందురు. ఆ రెండును సరికావు. ఈ శాస్త్రమున నేమి చదువుదురు, ఎట్లు చదువుదురు, చదివినవారికి ప్రయోజన మేమి, అను మూడు సంగతులను విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలియజేయ నెంచి యీ వ్యాసము వ్రాయుచున్నాము. ఉదాహరణములను చాలవఱకు తెలుగునుండియే గ్రహించితిమి. ఏలయన, ఈ శాస్త్రమునకు కావలసిన మొదటి పరికరము ప్రతి బాలుని నోటను, ప్రతి బాలిక నోటను ఇదివఱకే యున్నది.

నడచుట యందఱకును వచ్చును. నడచునప్పుడు ఏ యెముక ఎట్లు కదలునో, ఏ కండరము ఎప్పుడు బిగియునో శరీరశాస్త్రము చదివినవారే చెప్పగలరు. మాటలాడుటయు అట్టిదే. మూడేండ్ల పసివాడును తప్పులేక మాటలాడును గాని తాను పాటించు నియమములను చెప్పలేడు. ఆ నియమములను వెదకి, పరీక్షించి, స్పష్టముగా చెప్పుటయే భాషాశాస్త్రము. వ్యాకరణ బోధకుడు ఇట్లు వ్రాయవలెనని విధించును. భాషాశాస్త్రజ్ఞుడు జనులు ఇట్లు పలుకుచున్నారని కనిపెట్టి, ఏల అట్లు పలుకుచున్నారో విచారించును. తోటమాలికి కలుపు మొక్కయు పూల మొక్కయు వేఱు వేఱు గాని, వృక్షశాస్త్రజ్ఞునికి రెండును సమానముగా పరిశీలింపదగినవే గదా.

కళాశాలలో ఈ విద్య మొదట ధ్వనులతో ఆరంభమగును. ఏ ధ్వని నోటిలో ఎచ్చట పుట్టును, ఊపిరి ఎట్లు వెడలును, నాలుక ఎచ్చట తాకును అని విద్యార్థి తన నోటినే ప్రయోగశాలగా చేసికొని నేర్చుకొనును. మన వర్ణమాలయే ఇందుకు చక్కని ప్రవేశిక. క, చ, ట, త, ప అను వరుస కంఠమునొద్ద మొదలై పెదవులతో ముగియును. ఈ క్రమమును ఏర్పఱచిన భారతీయ శిక్షాకారులు రెండువేల యేండ్లకు పూర్వమే నోటిలోని స్థానములను ఎఱిగియుండిరి. ఇంగ్లీషువారు పిన్ అను మాటను పలుకునప్పుడు నోటియెదుట పలుచని కాగితము నుంచినచో అది కదలును. స్పిన్ అనునప్పుడు దాదాపు కదలదు. రెండింటిని వారు ఒకే అక్షరముతో వ్రాయుదురు, భేదమును గమనింపరు. మనకు పకారము వేఱు, ఫకారము వేఱు గనుక మన చెవి దానిని త్వరగా పట్టుకొనును. అన్ని భాషల ధ్వనులను ఒకే విధముగా వ్రాయుటకు 1886లో పారిసు నగరమున స్థాపితమైన సంఘము ఒక అంతర్జాతీయ ధ్వనిలిపిని కల్పించినది. మొదటి సంవత్సరపు విద్యార్థి ఆ లిపిని అభ్యసించును.

పిమ్మట ధ్వనుల వ్యవస్థ వచ్చును. మేడ, మేడి అను రెండు మాటలను మెల్లగా పలికి చూడుడు. రెండింటను ఏకారమే వ్రాయుచున్నాము గాని, మేడ యన్నప్పుడు నోరు ఎక్కువగా తెఱచుకొనును, మేడి యన్నప్పుడు తక్కువగా తెఱచుకొనును. తరువాతి అక్షరములోని అకారము ముందున్న ఏకారమును తనవైపునకు లాగుచున్నది. దీనిని మనకెవ్వరును నేర్పలేదు. అయినను అందఱమును పాటించుచున్నాము. అట్లే గది యనుమాటకు బహువచనము గదులు, పిల్లికి పిల్లులు. చివరి యికారము లువర్ణము ముందు ఉకారమైనది. ఎన్నడును విననట్టి ఒక కల్పితపు మాటను, టిమ్మి యనుదానిని, ఒక చిన్న బిడ్డకు చెప్పి, రెండున్నచో నేమందువని అడుగుడు. టిమ్ములు అని తడువుకొనక చెప్పుట చూతురు. 1958లో జీన్ బెర్కో అను అమెరికా విదుషి ఇట్టి కల్పిత పదములతోనే ఇంగ్లీషు పిల్లలను పరీక్షించి, బిడ్డలు విన్నమాటలను చిలుకవలె అప్పగించుట లేదనియు, నియమములనే గ్రహించుచున్నారనియు నిరూపించెను.

విభక్తిని చూడుడు. గ్రంథభాషలో గదికి, ఊరికి, చెల్లికి అని ఇకారము మీద కి వచ్చును. అమ్మకు, గోడకు, ఆవుకు అని తక్కినచోట్ల కు వచ్చును. కొన్ని సీమల వాడుకలో అమ్మకి, గోడకి అనియు వినబడును. పాఠశాలలో నియమము తెలిసికొని ఊరకుందుము. భాషాశాస్త్ర విద్యార్థి యంతటితో ఊరకుండడు. ఏ యూరినుండి ఏ యూరివఱకు ఏ రూపము వినబడునో, వయసు చెల్లినవారు ఎట్లందురో, చిన్నవారు ఎట్లందురో వ్రాసికొని పటము గీయును.

మూడవ భాగము వాక్యరచన. మనము చదివిన బాలుడు, చదివిన పుస్తకము, చదివిన గది, చదివిన దినములు అని ఒక్క చదివిన యను రూపముతోనే నాలుగు సంబంధములను తెలుపుదుము. ఇంగ్లీషున బాలునికి ఒక మాట, పుస్తకమునకు ఒక మాట, చోటునకు మఱొకటి, కాలమునకు ఇంకొకటి కావలయును. అయినను మనకు పొరపాటు కలుగుట అరుదు. ఎందుచేత? పులి చంపిన వేటగాడు అన్నచో చచ్చినవాడు వేటగాడు. పులిని చంపిన వేటగాడు అన్నచో చచ్చినది పులి. ఒక్క ని అక్షరమున ఇద్దఱి ప్రాణములున్నవి. వాక్యములోని చిన్న ముక్కలు ఎంతటి భారము మోయుచున్నవో ఇట్టి అభ్యాసమువలన తెలియును. గణితమునందు ఆసక్తిగల విద్యార్థులకు ఈ భాగము మిక్కిలి రుచించును. ఇచ్చట వాక్యములను రేఖాగణితములోని రచనలవలె విడదీసి, ఊహను ప్రతిపాదించి, దానికి విరుద్ధమైన ఉదాహరణమును వెదకుదురు. ఒక్క విరుద్ధోదాహరణము దొరకినను ఊహను దిద్దుకొనవలసినదే.

అర్థవిచారము నాలుగవది. మేము, మనము అను రెండు సర్వనామములు మనకు గలవు. వినుచున్నవానిని కలుపుకొన్నచో మనము, వదలినచో మేము. ఇంగ్లీషునకు ఈ రెంటికిని ఒకే మాట. కన్నడమునను నేడు నావు అను ఒకే మాట. మిషను పాఠశాలలోని వారికి ఇది చిన్న సంగతి కాదు. దేవునికి ప్రార్థన చేయునపుడు పాపములు మావి యనవలెనే గాని మనవి యనరాదు. అన్నచో దేవుని కూడ పాపులలో చేర్చినట్లగును. మార్కు సువార్త నాలుగవ అధ్యాయమున తుపానులో చిక్కుకొన్న శిష్యులు నావలో నిద్రించుచున్న ప్రభువును లేపి నశించుచున్నామని మొఱపెట్టిన వృత్తాంతము కలదు. మూలమైన గ్రీకు భాషలో ఈ భేదము లేదు. అనువాదకుడు సర్వనామము చేర్పదలచినచో మేము అనవలెనా, మనము అనవలెనా? ప్రభువుకూడ మునిగిపోవునని శిష్యులు తలంచిరా, లేదా? ఒక సర్వనామమును ఎంచుకొనుటలో ఒక విశ్వాసపు ప్రశ్న ఇమిడియున్నది. సువార్తను క్రొత్త భాషలలోనికి తెచ్చువారికి భాషాశాస్త్రము ఏల కావలెనో దీనివలన స్పష్టమగును.

ఐదవది భాషల చుట్టఱికము. పాలు, పులి, పాము, పండు అను మన మాటలకు కన్నడమున హాలు, హులి, హావు, హణ్ణు అందురు. ఒకటి రెండు మాటలు కలిసినచో యాదృచ్ఛికమనవచ్చును. కాని మాట తరువాత మాటగా మన పకారమున్నచోట నేటి కన్నడమున హకారమే కనబడుచున్నది. పాత కన్నడ శాసనములలో నైతే అచ్చటను పకారమే యున్నది. మఱల, మన చెవి వారికి కివి, మన చెఱువు వారికి కెఱె, మన చెడు వారికి కెడు. ఇ, ఎ అను అచ్చులముందు ప్రాచీనమైన కకారము తెలుగున చకారమైనది. ఇట్టి క్రమబద్ధమైన పోలికలే భాషలు ఒక తల్లి బిడ్డలని చెప్పు సాక్ష్యములు. ఎరువు తెచ్చుకొన్న మాటలు సాక్ష్యములు కావు. సర్ విలియం జోన్సు 1786లో కలకత్తాలో సంస్కృత, గ్రీకు, లాటిను భాషలు ఒకే మూలమునుండి పుట్టియుండునని ప్రసంగించెను. ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిసు, 1816లో వెలువడిన క్యాంబెలు దొరగారి తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో, తెలుగు తమిళ కన్నడములు సంస్కృతజన్యములు కావనియు, తమలో తాము చుట్టములనియు నిరూపించెను. తిరునెల్వేలి ప్రాంతపు మిషనరీయైన రాబర్టు కాల్డువెలు 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణమును ప్రకటించెను. బరో, ఎమెనో పండితుల ద్రావిడ ధాతుకోశము 1961లో వచ్చెను. అదే సంవత్సరమున ఒంగోలులో జన్మించిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు క్రియాధాతువులపై తమ గ్రంథమును వెలువరించిరి. 2003లో సమస్త ద్రావిడ భాషల చరిత్రను ఒక సంపుటమున వ్రాసిరి. పై తరగతుల విద్యార్థి ఈ గ్రంథములను తెఱచి, తానే మాటలను సరిపోల్చి నేర్చుకొనును.

ఆఱవది క్షేత్రపరిశ్రమ. అనగా, వ్రాతలేని భాషను మాటలాడు వారియొద్ద కూర్చుండి, ఒక్కొక్క మాట అడిగి, విని, వ్రాసి, దాని వ్యాకరణమును నిర్మించుట. దీనికి మన దేశమున గిడుగు రామమూర్తి పంతులుగారికంటె గొప్ప యాదర్శము వెదకనక్కరలేదు. ఆయన 1863లో జన్మించి, పర్లాకిమిడిలో పాఠశాలోపాధ్యాయులుగా నుండిరి. చుట్టుపట్ల కొండలలో నివసించు సవరల భాషను వారివద్దనే నేర్చుకొని, వారి బిడ్డలకు పాఠములు వ్రాసి, బడులు పెట్టించిరి. ఆయన సవరభాషా వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. సవరభాష తెలుగునకు చుట్టము కాదు. అది ముండా భాషలలో నొకటి. సంతాలీ దానికి దగ్గఱి బంధువు, కాంబోడియాలోని ఖ్మేరు దూరపు బంధువు. ఏ విశ్వవిద్యాలయమునను భాషాశాస్త్రము చదువకయే ఒక బడిపంతులు ఇంతటి పని చేసెననిన, శ్రద్ధయు, చెవియు, ఓర్పును గలవారికి ఈ శాస్త్రము ఎంత దగ్గఱయో తెలియగలదు.

ఈ పనికి గడువు కలదు. అండమాను దీవులలో బో అను భాషను మాటలాడిన కడపటి వ్యక్తియైన బోవా 2010 జనవరిలో మరణించెను. ఆమెతో ఆ భాషయు పోయినది. ఆమె మాటలను భాషాశాస్త్రజ్ఞులు ముందుగానే వ్రాసికొని, ధ్వనిముద్రణము చేసి యుంచిరి గనుక కొంతైనను మిగిలినది. వ్రాయబడక పోయిన భాషల కథ ఎవ్వరికిని తెలియదు. మన రాష్ట్రముల కొండలలోను గోండి, కోయ, కువి, కొలామి, కొండ, గదబ మొదలగు భాషలు గలవు. ఇవి తెలుగునకు సోదర భాషలు. కొలామి మాట యొకటి తెలుగు మాట చరిత్రను విప్పిచెప్పగలదు. అది పోయినచో మన యింటి దస్తావేజులలో నొకటి పోయినట్లే.

ఏడవది భాషకును సంఘమునకును గల సంబంధము. ఇచ్చటనే ఈ శాస్త్రము మన తరగతి గదిలోనికి నేరుగా ప్రవేశించును. శ్రీకాకుళపు బాలుడు నెల్లూరికి వచ్చినను, పాలమూరి బాలిక గుంటూరికి వచ్చినను, వారి యాస విని తోడివారు నవ్వుదురు. కొండగూడెమునుండి వచ్చిన బిడ్డ తన యింటి భాషను బడిలో పలుకుటకు సిగ్గుపడును. కొన్నాళ్లకు ఇంటివద్దను పలుకుట మానును. నవ్వినవారు ఆ యాస తప్పుతెలుగని తలంచుచున్నారు. భాషాశాస్త్రము ఈ తలంపును పరీక్షించి కొట్టివేసినది. ఏ యాసకైనను తనవైన నియమములు గలవు. ఏ కొండభాషకైనను పూర్ణమైన వ్యాకరణము కలదు. ఒక రూపము రాజధానిలోను, పుస్తకములలోను వాడబడుటచే గౌరవము పొందుచున్నదే గాని, దాని నిర్మాణము మఱొక దానికంటె ఉత్తమమై కాదు. గ్రాంథికము నేర్పరాదని మా అభిప్రాయము కాదు. ఈ వ్యాసమే గ్రాంథికమున వ్రాయుచున్నాము. పెండ్లికి పట్టుబట్ట, పొలమునకు నూలుబట్ట. ఒకటి కట్టుకొన్నందున రెండవది మైలపడదు. పరీక్షలో వ్రాయవలసిన భాషను బిడ్డకు నేర్పుట బడి విధి. ఆ బిడ్డ తల్లిభాషను అవమానించుట బడి విధి కాదు. ఉపాధ్యాయులు కాగోరువారు ఈ శాస్త్రమును చదివినచో మొదట నేర్చుకొను పాఠమిదే. ఈ శతాబ్దపు మొదటి దశకమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సవర, కువి, కోయ మొదలగు భాషలలో గిరిజన బాలుర కొఱకు వాచకములను తయారుచేయించుట ఈ పాఠమునకు ఫలితమే.

ఇక ఎచ్చట చదువవలెనను సంగతి. అమెరికా మొదలగు దేశములలో డిగ్రీ విద్యార్థులు భాషాశాస్త్రమును ప్రధాన విషయముగా గైకొనుట సాధారణము. మన దేశమున ఇది చాలవఱకు ఎం.ఏ. స్థాయిలోనే బోధింపబడుచున్నది. అయినను కాశీ హిందూ విశ్వవిద్యాలయమునను, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయమునను బి.ఏ.లోనే దీనిని చదువవచ్చును. హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఇంటరు తరువాత చేరదగిన ఐదేండ్ల భాషాశాస్త్ర పాఠ్యక్రమము ఏర్పడినది. గణితము, విజ్ఞానశాస్త్రములు చదివినవారికి హైదరాబాదులోని ట్రిపుల్ ఐ.టి.లో కంప్యూటరు శాస్త్రముతో కూడ భాషాశాస్త్రమును కలిపి బోధించు మార్గము కలదు. ప్రవేశ నియమములు ఏటేట మారుచుండును గనుక చేరగోరువారు ఆ యేటి ప్రకటనను తప్పక చూడవలెను. తెలుగుగాని, ఇంగ్లీషుగాని, చరిత్రగాని బి.ఏ.లో చదివి, తరువాత ఎం.ఏ.లో భాషాశాస్త్రమున చేరుటయు మంచి మార్గమే. ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1962నుండి భద్రిరాజువారు బోధించిన శాఖ ఇట్టి విద్యార్థులను పెక్కుమందిని తీర్చిదిద్దినది.

ఈ చదువునకు పది భాషలు రానక్కరలేదు. సంస్కృతము వచ్చిన మేలు, రాకున్నను చదువవచ్చును. కావలసినవి జాగ్రత్తగా వినుట, విన్నదానిని విన్నట్లు వ్రాయుట, తొందరపడి తీర్పు చెప్పకుండుట. కవిత్వమునందు అభిరుచి మాత్రమే గలవారు దీనిలో చేరి నిరాశ చెందవచ్చును. పొడుపుకథలు విప్పుటయందును, లెక్కలయందును ఆసక్తిగలవారు ఊహింపని యానందము పొందవచ్చును.

జీవనోపాధి యేమని తలిదండ్రులు అడుగుట న్యాయమే. వైద్యవిద్యవలె ఈ బి.ఏ. పట్టము ఒకే యుద్యోగమునకు నేరుగా దారి చూపదు. కాని పెక్కు దారులకు పునాది వేయును. బోధన, అనువాదము, నిఘంటు రచన, పాఠ్యపుస్తక రచన పాత దారులు. కంప్యూటరులు తెలుగును చదువుటకును, అనువదించుటకును, మాటను వ్రాతగా మార్చుటకును చేయబడుచున్న కృషి క్రొత్త దారి. దీనికి భాషాశాస్త్రముతోపాటు గణితమును, కంప్యూటరు విద్యయు కావలెను. మాటరాని బిడ్డలకును, జబ్బుచే మాట పోయినవారికిని చికిత్స చేయు విద్య మఱొక దారి. దానికి ప్రత్యేకమైన పట్టము అవసరము, మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ అందుకు ప్రసిద్ధము. మైసూరులోనే 1969లో స్థాపింపబడిన భారతీయ భాషల కేంద్ర సంస్థయు కలదు. కావున దీనిని చదువగోరువారు ఏదో యొక తోడువిద్యను కూడ గట్టిగా నేర్చుకొనుట వివేకము.

కళాశాలలో చేరువఱకు వేచియుండనక్కరలేదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశములో 1962లో వచ్చిన మొదటి సంపుటము వ్యవసాయపు మాటలది. 1971లో వచ్చిన రెండవది చేనేత మాటలది. ఊరూర తిరిగి, రైతులను, నేతగాండ్రను అడిగి కూర్చిన మాటలవి. మా విద్యార్థులలో రైతుల బిడ్డలు, నేతపనివారి బిడ్డలు, జాలరుల బిడ్డలు, కుమ్మరుల బిడ్డలు గలరు. రాబోవు సెలవులలో ప్రతివారును తమ యింటి వృత్తికి చెందిన ఏబది మాటలను తాత, అమ్మమ్మల నోట విని, వారు పలికినట్లే వ్రాసికొని, ప్రక్కన ఊరిపేరును, అర్థమును, వీలైనచో పనిముట్టు బొమ్మను చేర్చి తెండు. దిద్దకుడు, నాగరికముగా మార్చకుడు. నిఘంటువులో లేని మాట యొకటి దొరకినచో దానిని మొదట కాగితముపై పెట్టిన గౌరవము మీదే. తెచ్చిన పుస్తకములను పాఠశాల గ్రంథాలయమున భద్రపఱచి, వానిలో మేలైనవానిని వచ్చు సంవత్సరపు సంచికలో ప్రకటింప నుద్దేశించుచున్నాము.